దీను తోక ఊపిన కేసు

‘ఆర్తి’ శునక శరణాలయం మొత్తంలో అత్యంత దయనీయమైన కుక్కగా పేరు తెచ్చుకున్న దీను, మంగళవారం ఉదయం, అందరూ చూస్తుండగా తోక ఊపింది.

ఊపి ఊరుకున్నా బాగుండేది. లేచి నిలబడింది. ఒళ్ళు విరుచుకుంది. నాలుగు కాళ్ళ మీదా గది చుట్టూ ఒక రౌండు కొట్టింది. ఆ నాలుగో కాలు నేలకు ఆనగా ఆ సంస్థలో ఎవరూ అంతవరకూ చూసి ఎరగరు. పైకి ముడుచుకుని వేలాడే ఆ కాలి ఫోటో బైపాస్ పక్కన హోర్డింగుల మీద ఉంది, సంస్థ క్యాలెండరులో పన్నెండు నెలల మీదా ఉంది, ఒక దాత తయారుచేసే నెయ్యి డబ్బా మూత మీద కూడా ఉంది.

కాసేపట్లో కబురు ఆఫీసంతా పాకింది. విజిలెన్స్ అధికారి త్రివిక్రమాన్ని వెంటనే సమావేశపు గదికి రమ్మన్నారు.

త్రివిక్రమం పోలీసు శాఖలో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, ఈ మధ్యే ఇక్కడ చేరాడు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్ని ఎవరూ గోడ మీదుగా లోపలికి వదిలిపోకుండా చూడటం అతని డ్యూటీ. గదిలో అడుగు పెడుతూనే ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. సర్వీసులో బోలెడన్ని పంచనామాలు చేసినవాడు కాబట్టి సంగతి అర్థమైపోయిందనుకున్నాడు.

“పోయిందా సార్?” అన్నాడు గొంతు తగ్గించి.

“పోతే నివాళి సభ పెట్టుకునేవాళ్ళం,” అన్నారు చైర్మన్ నిడుమోలు సర్వోత్తమరావు గారు. “అంతకంటే ఘోరం జరిగిందయ్యా. కోలుకుంది.”

గదిలో ఎవరో నిట్టూర్చారు.

త్రివిక్రమం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోలుకోవడం నేరం ఎలా అవుతుందో అతనికి వెంటనే తట్టలేదు. కోశాధికారి ఆండాళు గారు అది కనిపెట్టారు. ఆవిడ బ్యాంకులో మేనేజరుగా చేసి వచ్చారు. ఎంత మొద్దు బుర్రకైనా అప్పు సంగతి అర్థమయ్యేలా చెప్పడం అలవాటు.

“మీరు కొత్త కదా త్రివిక్రమం గారూ, నెమ్మదిగా చెబుతాను. ఒక రూపాయి మందుల మీద పెట్టామనుకోండి. ఏమవుతుంది?”

“కుక్కకు నయమవుతుందండి.”

“నయమైన కుక్క ఫోటో చూసి ఎవరైనా డబ్బు పంపుతారా?”

“పంపకపోవచ్చండి.”

“అంటే రూపాయీ పోయింది, కుక్కా పోయింది. అదే రూపాయి కెమెరా మీద పెడితే పన్నెండు రూపాయలొస్తాయి. ఆ పన్నెండు రూపాయలతో ఏం చెయ్యాలి?”

“మందులు కొనాలండి.”

ఆండాళు గారు చైర్మన్ గారి వంక చూశారు. “మళ్ళీ మొదటికొచ్చారు,” అన్నారు. “ఇంకో కెమెరా కొనాలి.”

వెనక షెడ్డులో మరీ దీనంగానూ ఉండకుండా, పూర్తిగా కోలుకోకుండా రోజులు నెట్టుకొచ్చే కుక్కలు చాలా ఉన్నాయి. వాటిని ఆవిడ లెక్కల్లో నిరర్థక ఆస్తులుగా చూపిస్తారు. వాటి తిండి ఖర్చు ‘ఇతరములు’ అనే పద్దు కింద, గేటు రంగుకూ గుమ్మానికి కట్టే నిమ్మకాయలకూ మధ్యన వస్తుంది. సంస్థకు వచ్చే విరాళాల్లో ముప్పాతిక వంతు దీను ఒక్కదాని పేరునే వస్తుంది.

“దీను అంటే కుక్క కాదు,” అన్నారు చైర్మన్ గారు, కళ్ళద్దాలు తీసి. “మన సంస్థ యొక్క మౌలిక దైన్య మూలధనం. దాన్ని ఎవరో క్షీణింపజేశారు. ఆదివారం దాతల దినం. నాలుగు రాష్ట్రాల నుంచి దాతలు దాన్ని కళ్ళారా చూసి కన్నీరు పెట్టుకోవడానికి టికెట్లు కొనుక్కుని వస్తున్నారు. వాళ్ళ ముందు అది తోక ఊపితే మన పరువేం కాను?”

“ఇంతకీ అది ఎలా కోలుకుందంటారు సార్?”

“అదే నువ్వు తేల్చాలి. మనం చేసింది కాదు, అంతవరకు నేను హామీ ఇవ్వగలను.”

ఆండాళు గారు నియమావళి తీసి చదివారు. శరణాలయం ఆర్తుల కొరకు మాత్రమే. ఆర్తి తీరిన జంతువును, అది ఎక్కడ దొరికినదో తిరిగి అక్కడనే వదలవలెను. దీను దొరికింది బైపాస్ మలుపులో, ఇసుక లారీ చక్రం పక్కన. ఆదివారంలోగా దాని దైన్యం తిరిగి రాకపోతే, అదే సాయంత్రం దాన్ని ఆ మలుపులోనే వదిలేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

త్రివిక్రమానికి కుక్కలంటే ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఎస్సైగా ఉండగా ఒకటి పిక్క పట్టుకుంటే బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్నవాడు. కానీ ఆ మలుపు అతనికి బాగా తెలుసు. రెండేళ్ళు ఆ బైపాస్ స్టేషన్లోనే చేశాడు. అక్కడ ట్రాఫిక్ డ్యూటీ వేస్తే కానిస్టేబుళ్ళు సిక్ లీవు పెట్టేవాళ్ళు.

అతను ముందుగా డాక్టరును పట్టుకున్నాడు.

పశువైద్యుడు సుగుణాకర్ గారికి కోపం వచ్చింది. “నా మీదా అనుమానం?”

“కుక్కకు నయమైంది. మీరు డాక్టరు. మొదట మిమ్మల్నే కదండీ అడగాలి?”

“నాలుగేళ్ళుగా చేస్తున్నాను ఇక్కడ. నా చేతిలో నయమైన కేసు ఒక్కటి చూపించండి, ఇప్పుడే రాజీనామా చేస్తాను.”

“మందుల బీరువా ఓసారి చూడొచ్చా?”

చూపించారు. పై అరలో మడత పెట్టిన కట్టుగుడ్డలు. కింది అరలో ఎర్ర రంగు సీసాలు.

“ఈ కట్లు?”

“షూటింగువి. ఉతికి మళ్ళీ కడతాం.”

“ఇది టింక్చరేనా?”

“రంగు. టింక్చరు రాస్తే మండుతుంది, కుక్క మొహం చిరాగ్గా పెడుతుంది. కెమెరాకు చిరాకు పనికిరాదండీ, విషాదం కావాలి.” సుగుణాకర్ గారు తెల్ల కాగితం తీశారు. “దీనుకు నేను ఎలాంటి వైద్యమూ చేసి ఉండలేదని రాసిచ్చేస్తాను. నోటరీ కూడా చేయించమంటారా?”

త్రివిక్రమం అక్కర్లేదన్నాడు. డాక్టరు నిజాయితీపరుడని అతనికి నమ్మకం కుదిరింది.

రెండో అనుమానితురాలు మరియమ్మ. కుక్కల గదులు కడిగి, గిన్నెల్లో తిండి పోసేది ఆవిడే. త్రివిక్రమం వెళ్ళేసరికి చీపురు పట్టుకుని ఉంది. అతన్ని చూసినా వదల్లేదు.

“దీనుకు ఏం పెడుతున్నావు మరియమ్మా?”

“ఏం పెడతా? మీ రూల్ ప్రకారం పొద్దున గంజి, మాపున గంజి.”

“గంజి తాగితేనే బొచ్చు అలా మెరుస్తోందా?”

మరియమ్మ అతని బట్టతల వంక ఒకసారి చూసింది. “గంజికే బొచ్చు మొలిచేదైతే మీకో గిన్నెడు పోద్దును గదయ్యా.”

“వేళాకోళం కాదు. చైర్మన్ గారు నిన్నే అనుమానిస్తున్నారు.”

“అట్టనా? ఆయన ఇంట్లో తెల్ల కుక్క ఉండాది, కార్లో కూకోబెట్టుకుని తిప్పుతాడే, అది నిగనిగలాడతా ఉంటది. ముందు దాని మీద ఎంక్వయిరీ ఎయ్యమను. దాన్నెవరు పాడు చేశారో తేల్చమను.” చీపురు గోడకు ఆనించింది. గొంతు తగ్గింది. “అయ్యా, నిజంగానే దాన్ని ఆదివారం ఆ బైపాస్ కాడ వదుల్తారా?”

“రూల్ అలా ఉంది.”

“లారీ కిందనుంచి తెచ్చినదాన్ని మళ్ళీ లారీ కిందకే పంపడానికా ఇంత మందికి జీతాలు?”

త్రివిక్రమం నోటుబుక్కు మూసేశాడు. “నువ్వు గనక పెట్టి ఉంటే నాకు చెప్పు,” అన్నాడు.

“పెట్టి ఉంటే మీ చైర్మన్‌కే చెప్తును. నాకేం భయం?”

అదీ నిజమే అనిపించింది.

మనుషుల దగ్గర తేలనప్పుడు కెమెరాలను నమ్ముకోవాలి. దీను గదిలో ఏడు కెమెరాలున్నాయి. బ్యాంకు లాకరు గదిలో కూడా అన్ని ఉండవని ఆండాళు గారు గర్వంగా చెప్పారు. త్రివిక్రమం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని వారం రోజుల రికార్డింగు చూశాడు. ఏడు కెమెరాలూ దీను ముఖం మీదే పెట్టి ఉన్నాయి. ఒకటి ఎడమ కంటికి, ఒకటి కుడి కంటికి, ఒకటి కన్నీరు జారే దారికి, మిగతావి మొత్తం ముఖానికి. మధ్యాహ్నం భోజనాల వేళ, ఉద్యోగులందరూ క్యాంటీనులో ఉన్నప్పుడు, దీను తల ఎత్తుతుంది. చెవులు నిక్కబొడుచుకుంటాయి. తరువాత చాలాసేపు అది నములుతూ ఉంటుంది. ఎవరి చేతిలోంచి తింటోందో ఏ కెమెరాలోనూ లేదు. ఎంత ఆనందంగా తింటోందో మాత్రం ఏడు కోణాల్లోంచి, మీసాలకు అంటుకున్న పెరుగన్నం మెతుకుతో సహా, స్పష్టంగా ఉంది. మాటలు కూడా వినపడవు. ఆ కెమెరాల్లో శబ్దం రికార్డు కాదు. ‘వయొలిన్ ఎలాగూ తరువాత వేస్తాం కదా, మైకులు దండగ’ అని ఆ ఖర్చు తగ్గించారు.

అంతకుముందు త్రివిక్రమం ఒక రాత్రంతా టార్చిలైటు పట్టుకుని ఆ గది బయట కాపలా కాసి ఉన్నాడు. దొంగపని ఎవరైనా రాత్రిపూట చేస్తారని పోలీసు బుర్ర. పట్టపగలు, అన్నం వేళ, పెరుగన్నంతో చేస్తారని తట్టలేదు. మరునాడు భోజనాల వేళకు దీను గది దగ్గరే నిలబడదామనుకున్నాడు కానీ, అప్పటికే అక్కడ నిలబడే చోటు లేకుండా పోయింది. చైర్మన్ గారి దైన్య పునరుద్ధరణ కార్యాచరణ మొదలైంది.

మొదట టీవీ సీరియళ్ళకు పనిచేసే మేకప్ మనిషిని పిలిపించారు. కండ పట్టిన దీను ఒంటి మీద పక్కటెముకలు గీయడం అతని పని. కళాకారుడే, కాదనలేం. కానీ నాలుగోది గీసేలోపు దీను మొదటి రెండూ నాకేసేది. రంగులో తేనె కలుపుతాడట, పట్టుగా ఉంటుందని.

తరువాత కుంటడం నేర్పడానికి ఒక శిక్షకుణ్ణి తెచ్చారు. దీను తెలివైన కుక్క, ఒక్క పూటలో నేర్చుకుంది. అయితే కుంటిన ప్రతిసారీ ఒక బిస్కెట్టు ఇస్తారని కూడా అదే పూటలో నేర్చుకుంది. ఇక కనిపించిన ప్రతి మనిషి ముందూ, కాలు మార్చి మార్చి, మహా ఉత్సాహంగా కుంటుతూ తిరిగింది. శుక్రవారానికి ఇంకో కిలో బరువు పెరిగింది.

“బిస్కెట్ల ఖర్చు ఏ పద్దులో రాయమంటారు?” అని ఆండాళు గారు అడిగారు.

“అభినయ వికాసం,” అన్నారు చైర్మన్ గారు.

ఈ గొడవలో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడుతున్న మనిషి విహారి అనుకున్నాడు త్రివిక్రమం. విజ్ఞప్తుల విభాగానికి అతనే డైరెక్టరు. దీను బొమ్మ కింద రాసే మాటలు, వీడియోల్లో వినిపించే మాటలు అన్నీ అతనివే. ముప్పై ఐదేళ్ళుంటాయి. మనిషి సన్నగా, ఎప్పుడూ జలుబు చేసినట్టు ఉంటాడు. శుక్రవారం సాయంత్రం అతని గదికి వెళ్ళేసరికి ఆదివారం చదవాల్సిన విజ్ఞప్తి దిద్దుకుంటున్నాడు.

“మిమ్మల్ని అడగడం మర్యాద కాదు గానీ, డ్యూటీ. దీను దగ్గరికి ఎప్పుడైనా వెళ్తుంటారా?”

“లేదండీ. నేను కుక్కల్ని దగ్గరగా చూడను. చూస్తే రాయలేను. ఫోటో చూసి రాస్తాను.”

“ఎందుకని?”

“కుక్క ఎదురుగా ఉంటే ఏదో ఒకటి చెయ్యబుద్ధేస్తుంది కదండీ. ఇక రాయడానికి ఏముంటుంది?”

న్యాయంగానే తోచింది. త్రివిక్రమం గోడ మీద అంటించిన విజ్ఞప్తి చదివాడు. అది చాలా ఏళ్ళుగా ఊరంతా చదువుతున్నదే.

‘నెలకు మీ ఒక్క సినిమా టికెట్ ఖర్చు. ఆ డబ్బుతో దీనుకు రోజూ ఒక గుడ్డు, గుప్పెడు పెరుగన్నం, ఒక కట్టు. దీను మళ్ళీ నడుస్తుంది. మీరు చదివి ఊరుకుంటే, నడవదు.’

“ఈ సినిమా టికెట్ లెక్క ఎవరు వేశారండీ? డాక్టరు గారా?”

“లెక్కేమీ లేదండీ. నోటికొచ్చింది రాశాను. టికెట్ అంటే దాతలకు చప్పున అర్థమవుతుందని.” విహారి తల దించుకుని ఫోను తీశాడు. “ఆదివారానికి కొత్త వయొలిన్ ముక్క చేయించాను. రెండు నెలల కిందే చేతికొచ్చింది. చైర్మన్ గారితో సహా ఇంకా ఎవరికీ వినిపించలేదు. వింటారా?”

వినిపించాడు. అది వింటుంటే త్రివిక్రమానికి తనకు ప్రమోషను రాని సంవత్సరం గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచాడు.

“బాగుందండీ. మరి ఆదివారం సాయంత్రం దాన్ని బైపాస్‌లో వదిలేస్తారు. మీరూ వస్తారా?”

విహారి పెన్ను మూత పెట్టబోయి, పెట్టలేక, రెండోసారి పెట్టాడు. “చూస్తానండీ,” అన్నాడు.

శనివారం రిహార్సలు. పెద్ద హాల్లో వేదిక, వేదిక మీద గడ్డిపరక రంగు చాప, చాప మీద దీను. చుట్టూ నల్ల గుడ్డతో కప్పిన లైట్లు. దాతలు కూర్చోబోయే కుర్చీల్లో ఇవాళ ఉద్యోగులు కూర్చున్నారు. మొదటి వరసలో చైర్మన్ గారు, ఆండాళు గారు, డాక్టరు గారు, విహారి. గోడ పక్కన చీపురుతో మరియమ్మ. త్రివిక్రమం తలుపు దగ్గర నిలబడ్డాడు. దొంగ తప్పించుకునే దారి అదొక్కటే కాబట్టి అలవాటుగా అక్కడే నిలబడతాడు.

మేకప్ వేశారు. దీను నాకకుండా మూతికి గుడ్డ కట్టి, ఆరాక విప్పారు. లైట్లు తగ్గించారు. నిజం చెప్పాలంటే, ఆ మసక వెలుతురులో, గీసిన ఎముకలతో, దీను పాత దీనులాగే ఉంది. ఆండాళు గారు కర్చీఫు తీశారు.

“ఇదీ,” అన్నారు చైర్మన్ గారు తృప్తిగా. “ఇదీ మన దీను. విహారీ, వయొలిన్ రానీ.”

హాలు స్పీకర్లలోంచి వయొలిన్ మొదలైంది.

మొదటి గమకం పూర్తికాకముందే దీను చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండోదానికి లేచి నిలబడింది. మూడోదానికి తోక ఎంత వేగంగా ఊపిందంటే వెనక ఉన్న లైటు స్టాండు పడిపోయింది. నోట్లోంచి చొంగ కారుతోంది. చాప మీద గుండ్రంగా తిరిగింది, ముందు కాళ్ళు ఎత్తి గెంతింది, ఇంకా విషాదంగా సాగుతున్న ఆ సంగీతానికి పెళ్ళి బాజా విన్నంత సంబరపడిపోతూ, హాల్లో ఎవరి కోసమో అటూ ఇటూ వెతికింది.

“ఆపండి!” అన్నారు చైర్మన్ గారు. “కృతఘ్న జంతువు! ఇంత ఖర్చు పెట్టి విషాదం సమకూరిస్తే ఎగురుతుందేమిటి?”

సంగీతం ఆగింది. దీను కూడా ఆగి, స్పీకరు వంక ఆశగా చూసింది.

తలుపు దగ్గర త్రివిక్రమం కదలకుండా నిలబడిపోయాడు. స్టేషన్లో ఉండగా అతని గదిలో గంట మోగితే టీ వచ్చేది. రిటైరైన తరువాత కూడా గుడిలో గంట వినబడితే నాలుక మీద టీ రుచి తగిలేది. ఆ కుక్కకు కూడా ఏదో తగిలింది. ఈ సంగీతం వినిపించినప్పుడల్లా దానికి ఎవరో అన్నం పెట్టారు. ఇంకా బయటి ప్రపంచంలో ఎవరూ వినని సంగీతం. ఒక్క ఫోనులో మాత్రమే ఉన్న సంగీతం.

మొదటి వరసలో ఒక్కడు మాత్రం వేదిక వంక చూడటం లేదు. బూట్ల వంక చూసుకుంటున్నాడు.

ముప్పై ఏళ్ళ సర్వీసులో త్రివిక్రమం ఇలాంటి క్షణంలో ముందుకెళ్ళి భుజం మీద చెయ్యి వేసేవాడు. ఇవాళ వెయ్యలేదు. వేస్తే జరిగేది తెలుసు. మనిషికి ఉద్యోగం ఊడుతుంది, కుక్క మాత్రం రేపు సాయంత్రం మలుపులోనే ఉంటుంది.

“సార్,” అన్నాడు గొంతు సవరించుకుని. “నేరస్థుడెవరో తెలిసిపోయింది.”

హాలంతా ఇటు తిరిగింది.

“ఎవరు?”

“చెబుతాను సార్. పద్ధతి ప్రకారం ముందు శిక్ష ఏమిటో తేల్చుకోండి. మనిషిని చూశాక మొహమాటాలు వస్తాయి.”

చైర్మన్ గారికి పద్ధతి అన్న మాట ఇష్టం. “ఉద్యోగం నుంచి తొలగింపు. అంతే.”

“కుక్క సంగతి?”

“నియమావళి ప్రకారం మలుపు.”

“అలాగే సార్. కాకపోతే లెక్కల్లో చిన్న చిక్కొస్తుందేమో, మేడం గారు చూసుకోవాలి.” త్రివిక్రమం ఆండాళు గారి వైపు తిరిగాడు. “దీను మన మూలధనం అన్నారు. మూలధనాన్ని తీసుకెళ్ళి రోడ్డు మీద వదిలేస్తే నష్టం ఎవరి ఖాతాలో రాస్తారండీ?”

ఆండాళు గారి కర్చీఫు గాల్లో ఆగింది. “సంస్థ ఖాతాలోనే రాయాలి,” అన్నారు నెమ్మదిగా. “ఆడిటరు ఒప్పుకోడు.”

“మా డిపార్టుమెంటులో ఒక పద్ధతి ఉండేదండీ. ఎవడైనా కానిస్టేబులు సర్కారు లాఠీ విరగ్గొడితే, ఖరీదు వాడి జీతంలో కోసేవాళ్ళం. విరిగిన లాఠీ వాడికే ఇచ్చేసేవాళ్ళం. ఇక అది సర్కారు సొత్తు కాదు, వాడిది. సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోయేవాడు. స్టోరులో పెట్టుకుంటే చోటు దండగ, పారేస్తే సమాధానం చెప్పాలి.”

“పాడైన ఆస్తిని పాడుచేసినవారి ఖాతాకు బదిలీ,” అన్నారు ఆండాళు గారు, తనలో తను రుచి చూసుకుంటున్నట్టు. “సంస్థకు నష్టం సున్నా. చాలా శుభ్రంగా ఉంది సర్.”

“మరి నియమావళి?” అన్నారు చైర్మన్ గారు.

“అది సంస్థ సొత్తుకు కదా సర్. బదిలీ అయ్యాక మనది కాదు.”

చైర్మన్ గారు ఆలోచించారు. కోలుకున్న కుక్కను కారణమైనవాడి మెడకే కట్టడంలో ఒక కఠినత్వం ఉందని ఆయనకు తోచినట్టుంది. “సమంజసమే. వాడికి బుద్ధి రావాలి. దాని ఆరోగ్యం జీవితాంతం వాడే భరించాలి. తీర్మానం రాయండి. ఉద్యోగం తొలగింపు, ఒక నెల జీతం కోత, మరియు క్షీణించిన మూలధనాన్ని తక్షణం తన ఇంటికి తొలగించుకొనిపోవలెను. అందరికీ సమ్మతమేనా?”

చేతులు లేచాయి. అందరికంటే ఎత్తుగా లేచింది మరియమ్మ చీపురు.

“మరి రేపు దాతలకేం చూపిస్తాం?” అన్నారు చైర్మన్ గారు హఠాత్తుగా గుర్తొచ్చి.

“దీను పోస్టరు చూపిద్దాం సర్,” అన్నారు ఆండాళు గారు. “దాతలు ఇన్నాళ్ళూ దాన్ని చూసే ఇచ్చారు. పోస్టరు కోలుకోదు.”

చైర్మన్ గారి ముఖం ఆ వారంలో మొదటిసారి విప్పారింది. “అద్భుతం. ఈ ఆలోచన ముందే వచ్చి ఉంటే అసలు కుక్కే అవసరం ఉండేది కాదు.” త్రివిక్రమం వంక తిరిగారు. “ఊఁ, చెప్పవయ్యా ఇక. ఎవడు వాడు?”

త్రివిక్రమానికి చెప్పే అవసరం రాలేదు. మొదటి వరసలోంచి విహారి లేచాడు. లేచేసరికి జేబులో ఫోను నొక్కుకుందో, చెయ్యే తగిలిందో, సన్నగా వయొలిన్ మొదలైంది. దీను వేదిక మీదనుంచి దూకి, కుర్చీల మధ్యనుంచి నాలుగు కాళ్ళ మీదా పరుగెత్తుకొచ్చి అతని నడుము దాకా ఎగబడింది. గీసిన పక్కటెముకలు అతని తెల్ల చొక్కాకు అంటుకున్నాయి.

“నేనే సార్,” అన్నాడు విహారి. ఒక చెయ్యి కుక్క తల మీద ఉంది. “రోజూ భోజనాల వేళ వెళ్ళేవాణ్ణి. ఒక గుడ్డు, కాస్త పెరుగన్నం. కాలికి బయటి డాక్టరు చెప్పిన మందు రాసి కట్టు కట్టేవాణ్ణి. నమిలే చప్పుడు ఎవరికైనా వినపడుతుందేమోనని ఈ ముక్క ఫోనులో పెట్టేవాణ్ణి. వయొలిన్ వినపడితే ఇక్కడ ఎవరూ తొంగి చూడరు కదా సార్, పని జరుగుతోందనుకుంటారు. మీకు ద్రోహం చేద్దామని కాదు. రెండు నెలల కింద అచ్చుతప్పులు చూడమని మన విజ్ఞప్తి నాకే పంపారు. నేను రాసిందే, ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు, చదవడం మాత్రం అదే మొదటిసారి. ‘మీరు చదివి ఊరుకుంటే, నడవదు’ అని ఉంది. ఊరుకుందామనే అనుకున్నాను సార్, రెండు రోజులు ఊరుకున్నాను కూడా. తరువాత, పోనీ ఒక్క నెల చూద్దాం, ఎలాగూ పని చెయ్యదు కదా, మనసుకు శాంతిగా ఉంటుంది అనుకుని మొదలుపెట్టాను. మందుతో సహా నెలకు సరిగ్గా ఒక్క సినిమా టికెట్ అయింది సార్. ఆ మాట నేను ఊరికే రాశాను. దీను మళ్ళీ నడుస్తుందని కూడా ఊరికే రాశాను. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా చేసి చూడలేదు కాబట్టి మనకెవరికీ తెలియలేదు గానీ... అది నిజమని నాకు నిజంగా తెలియదు సార్.”